విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది: ఫిల్మ్ నగర్ ఎడిట్ రూమ్‌లో పాత సిస్టమ్స్‌ని ఏం చేశామంటే

ఈసారి కొత్త ఫోన్ అన్‌బాక్సింగ్ కాదు, ఏఐ టూల్ కూడా కాదు. పాత కంప్యూటర్ గురించి. బోర్ అని స్కిప్ చెయ్యకండి. మీరు ఫోన్లోనే చూస్తూ ఉండొచ్చు, కానీ మీ ఇంట్లోనో, మీ నాన్నగారి షాపులోనో, మీ ఊరి మీ సేవా సెంటర్లోనో విండోస్ 10 ఉన్న సిస్టమ్ ఒకటి ఉండే ఉంటుంది. విండోస్ 7 కూడా ఉండొచ్చు. ఈ ఎపిసోడ్ అయ్యాక వెళ్లి దాని ముందు ఒక పది నిమిషాలు కూర్చోండి చాలు.

విషయం ఎలా మొదలైందంటే, ఫిల్మ్ నగర్‌లో నాకు తెలిసిన ఒక ఎడిటర్ అన్న ఉన్నాడు. దైవ సన్నిధానం గుడి దగ్గర్లో, ఒక ఇంటి మొదటి అంతస్తులో రెండు గదులు. ఒకటి ఎడిట్ రూమ్, ఇంకోటి చిన్న డబ్బింగ్ రూమ్. పెద్ద హీరోల సినిమాలేం కాదు. చిన్న సినిమాలు, వెబ్ సిరీస్‌లు, షార్ట్ ఫిల్మ్స్, సీజన్లో పెళ్లి వీడియోలు. ఒకరోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "తమ్ముడూ, సిస్టమ్ ఆన్ చేస్తే మొత్తం స్క్రీన్ నిండా నీ విండోస్ టైమ్ అయిపోయింది అని వస్తోంది. మూడు వారాల్లో ఫస్ట్ కాపీ ఇవ్వాలి. ఇది ఆగిపోతుందా?" అన్నాడు. గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది. కొత్త సిస్టమ్ కొందామంటే నిర్మాత నుంచి రావాల్సిన సెకండ్ పేమెంట్ రాలేదు. ఈ ఫీల్డులో అది మామూలేగా!

ముందు ఆ భయం తీసేద్దాం. సపోర్ట్ అయిపోయినంత మాత్రాన కంప్యూటర్ ఆగిపోదు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ముగించింది. అక్టోబరు 15 పొద్దున్న కూడా సిస్టమ్ ఎప్పట్లాగే ఆన్ అయింది, ప్రీమియర్ ఓపెన్ అయింది, రెండర్ అయింది. ఇదే అసలు ప్రమాదం. ఏమీ మారినట్టు కనిపించదు కాబట్టి మనం మర్చిపోతాం.

మారింది ఏంటంటే, మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం సెక్యూరిటీ ప్యాచ్‌లు విడుదల చేస్తుంది. మన అక్టోబరు 14 కూడా రెండో మంగళవారమే, క్యాలెండర్ చూస్కోండి. ప్యాచ్ అంటే గోడలో కన్నం దొరికితే దాన్ని సిమెంట్‌తో పూడ్చడం. విండోస్ 11, విండోస్ 10 లోపలి కోడ్ చాలావరకు ఒకటే. ఇప్పుడు విండోస్ 11కి ప్యాచ్ వచ్చిందనుకోండి. దొంగ ఏం చేస్తాడంటే ప్యాచ్ రాకముందు ఫైలు, వచ్చాక ఫైలు రెండూ పక్కపక్కన పెట్టి తేడా చూస్తాడు. ఎక్కడ సిమెంట్ పడిందో అక్కడే కన్నం ఉండేదని తెలిసిపోతుంది. అదే కన్నం విండోస్ 10లో కూడా ఉందేమో చూస్తాడు. అక్కడ పూడ్చేవాడు లేడు కదా. అంటే కొత్త ఇంటికి చేసే ప్రతి రిపేరూ పాత ఇంటికి దొంగతనం మ్యాప్ గీసి ఇస్తోందన్నమాట. నెలలు గడిచేకొద్దీ ఆ మ్యాప్ పెద్దదవుతుంది. నేను కంపెనీలో పనిచేసినప్పుడు ఈ ప్యాచ్ మంగళవారం అంటే మా టీమ్‌లో అందరికీ చిరాకు. ఇప్పుడు తలుచుకుంటే ఆ చిరాకు తప్పనిపిస్తోంది.

సరే, మర్నాడు పొద్దున్నే వెళ్లాను. వెళ్లగానే "అప్‌డేట్ చేసుకో అన్నా" అని లెక్చర్ ఇద్దామనుకున్నా. కానీ గది చూశాక నోరు మూసుకున్నా. ఎందుకంటే పాత సిస్టమ్ పట్టుకుని వేలాడేవాళ్లంతా బద్ధకస్తులు కాదు.

ఎడిట్ రూముల్లో ఒక అలిఖిత రూల్ ఉంది: సినిమా మధ్యలో ఏదీ అప్‌డేట్ చెయ్యకూడదు. ప్రీమియర్‌లో ప్రాజెక్ట్ ఫైల్ కొత్త వెర్షన్‌లో ఒకసారి సేవ్ చేశామంటే పాత వెర్షన్‌లో తెరుచుకోదు. ఎడిటర్ ఒక వెర్షన్, సీజీ వాళ్లు ఇంకో వెర్షన్ అయితే రెండు రోజులు గోవిందా. మ్యాక్ వాళ్ల కథ కూడా ఇంతే. ఆపిల్ ఫైనల్ కట్ ప్రో 7ని 2011లో ఆపేసింది. 2017లో వచ్చిన హై సియెర్రాలో అది అసలు ఓపెన్ అవ్వదు. అందుకని దానికి అలవాటు పడిన ఎడిటర్లు మ్యాక్‌ని పాత ఓఎస్‌లోనే ఉంచేసుకున్నారు. మైక్రోసాఫ్ట్ కనీసం తేదీ చెప్తుంది. ఆపిల్ అదీ చెప్పదు. సాధారణంగా లేటెస్ట్ మూడు వెర్షన్లకి ప్యాచ్‌లు ఇస్తుంది, నాలుగోది మెల్లగా వదిలేస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మ్యాక్‌లకి మ్యాక్ ఓఎస్ టాహోనే చివరిదని 2025 జూన్‌లో చెప్పేసింది. కాబట్టి మ్యాక్ ఉన్నవాళ్లు నవ్వుకోకండి, మీ వంతు కూడా వస్తోంది.

మా అన్న గదిలో రెండు సిస్టమ్స్. ఎడిట్‌ది ఏడో తరం ఐ7, విండోస్ 10. ప్రాసెసర్ ఇప్పటికీ గుర్రంలా పరిగెడుతోంది, కానీ విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే ఎంట్రీ. ఒక్క తరం తేడాతో గేటు బయట నిలబడింది పాపం. డబ్బింగ్ రూమ్‌లోది విండోస్ 7. అక్కడ మైక్ కనెక్ట్ చేసే పాత ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంది. దాని కంపెనీ విండోస్ 7 తర్వాత డ్రైవర్ ఇవ్వలేదు. సిస్టమ్ మారిస్తే ఆ డబ్బా కూడా మార్చాలి. అన్న ఒక్కటే మాట అన్నాడు: "ఆ డబ్బా అమ్మితే పదివేలు రాదు, కొత్తది కొంటే లక్ష దగ్గరికి పోతుంది." దీనికి నా బీటెక్‌లో సమాధానం లేదు.

విండోస్ 7 సంగతి మీకు గుర్తుందో లేదో. 2020 జనవరి 14తో దానికి మామూలు సపోర్ట్ అయిపోయింది. కంపెనీలు డబ్బు కట్టి పొడిగించుకున్నది కూడా 2023 జనవరితో అయిపోయింది. గూగుల్ క్రోమ్ అందులో 109 వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. అంటే ఆ సిస్టమ్‌లో బ్రౌజర్ తెరిచి తిరుగుతున్నామంటే కిటికీలు లేని కార్లో హైవే ఎక్కినట్టే.

"ఇన్నేళ్లు ఏం కాలేదుగా" అంటారు అందరూ. అన్న కూడా అన్నాడు. అప్పుడు నేను 2017 గుర్తు చేశాను.

2017 మే 12. వానాక్రై అనే రాన్సమ్‌వేర్. ఫైళ్లన్నీ తాళం వేసేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టు, లేకపోతే నీ డేటా పోయినట్టే అని ఎర్ర స్క్రీన్. 150కి పైగా దేశాలు, రెండు లక్షలకి పైగా కంప్యూటర్లు. లండన్‌లో ఆసుపత్రులు అని వార్తల్లో విన్నాం గానీ, అది మన దగ్గరికీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో కంప్యూటర్లకి తగిలింది. పోలీస్ స్టేషన్లో ఉన్న కంప్యూటర్‌కే తాళం వేశాడంటే ఊహించుకోండి.

ఇందులో మనం ఆగి చూడాల్సిన విషయం ఒకటుంది. ఆ కన్నానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే ప్యాచ్ ఇచ్చేసింది. అంటే దాదాపు రెండు నెలల ముందే. అప్పటికే సపోర్ట్ అయిపోయిన ఎక్స్‌పీ వల్లే ఇదంతా జరిగిందని అందరూ తిట్టారు. తర్వాత కాస్పర్‌స్కీ వాళ్లు తమ లెక్కలు చూస్తే దెబ్బతిన్నవాటిలో 98 శాతం దాకా విండోస్ 7. అప్పటికి విండోస్ 7కి సపోర్ట్ ఉంది! ప్యాచ్ కూడా ఉంది! వేసుకోలేదు అంతే. అందుకే నేను సపోర్ట్ ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోను. ఈ కంప్యూటర్ ఎవరితో మాట్లాడుతోంది, ఏ తలుపు తెరిచి పెట్టుకుంది అన్నది కూడా అడుగుతాను.

వానాక్రై వచ్చిన తలుపు పేరు ఎస్ఎంబీ వెర్షన్ 1. ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి ఫోల్డర్ షేర్ చేసుకునే పాత పద్ధతి. విండోస్ 10లో 2017 చివరి నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసినవాటిలో అది మామూలుగా ఉండదు. మనం కావాలని పెట్టుకుంటే తప్ప. అన్న సిస్టమ్‌లో చూస్తే... ఆన్‌లో ఉంది! ఎందుకన్నా అంటే, పాత స్టోరేజ్ బాక్స్ నెట్‌వర్క్‌లో కనపడట్లేదని ఎవరో అసిస్టెంట్ ఒక వీడియో చూసి ఆన్ చేశాడట. నాలాంటి వాడి వీడియోనే అయ్యుంటుంది. నవ్వొచ్చింది, భయమూ వేసింది.

సరే, ఏం చేశామో చెప్తాను.

ముందు విండోస్ 10 సిస్టమ్. రన్ బాక్స్ తెరిచి విన్‌వెర్ అని కొట్టాం. విండోస్‌లో మొదటి మూడు అక్షరాలు, వెర్షన్‌లో మొదటి మూడు అక్షరాలు, ఇంగ్లీషులో. అక్కడ 22హెచ్2 అని ఉండాలి. లేకపోతే ముందు ఆ వెర్షన్‌కి రావాలి. ఎందుకంటే మైక్రోసాఫ్ట్ ఇంట్లో వాడుకునేవాళ్లకి ఒక సంవత్సరం ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ ఇస్తోంది, 2026 అక్టోబరు 13 దాకా. దాన్ని ఈఎస్‌యూ అంటారు. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, అందులో విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్తే ఎన్‌రోల్ అని లింక్ కనిపిస్తుంది. మూడు దారులు. 30 డాలర్లు కట్టడం, లేదా వెయ్యి మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు ఇవ్వడం, లేదా పీసీ సెట్టింగ్స్‌ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి బ్యాకప్ చెయ్యడం. మూడోది ఫ్రీ. మేం అదే తీసుకున్నాం. ఏ దారిలో వెళ్లినా మైక్రోసాఫ్ట్ అకౌంట్ మాత్రం కావాలి. ఒక అకౌంట్ మీద పది సిస్టమ్‌ల దాకా చేసుకోవచ్చు, అంటే మీ ఇల్లంతా అయిపోతుంది.

ఇక్కడ చిన్న చిక్కు. బ్యాకప్ ఆన్ చేసినప్పుడు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు కూడా వన్‌డ్రైవ్‌కి ఎక్కడం మొదలవుతుంది. ఫ్రీ స్పేస్ 5 జీబీయే. ఎడిటర్ డెస్క్‌టాప్ మీద 5 జీబీ అంటే ఒక్క సీన్ రషెస్ కూడా కాదు. సెట్టింగ్స్ మాత్రమే సింక్ అయ్యేలా ఉంచి, ఫోల్డర్ల టిక్కులు తీసేయండి. రిలీజ్ కాని సినిమా ముక్కలు తెలియకుండా ఎక్కడికో అప్‌లోడ్ అయ్యే ఛాన్స్ మనకెందుకు?

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి: ఈఎస్‌యూతో వచ్చేవి సెక్యూరిటీ ప్యాచ్‌లే. కొత్త ఫీచర్లు రావు, టెక్నికల్ సపోర్ట్ రాదు. డిఫెండర్ యాంటీవైరస్‌కి మాత్రం వైరస్ జాబితా అప్‌డేట్లు 2028 అక్టోబరు దాకా ఇస్తామన్నారు. దాన్ని చూసి "యాంటీవైరస్ ఉందిగా, ఇంకేంటి" అనుకోవద్దు. యాంటీవైరస్ అంటే వాచ్‌మన్. కన్నం పూడ్చడం వాచ్‌మన్ పని కాదు.

డిఫెండర్ అంటే గుర్తొచ్చింది. దాంట్లో ఎక్స్‌క్లూజన్స్ అని ఒక లిస్టు ఉంటుంది, అంటే "వీటిని చెక్ చెయ్యకు" అని మనం చెప్పినవి. అన్నది తెరిచాను. మొత్తం సి డ్రైవ్ ఉంది అందులో! అన్న నేల చూపులు చూస్తున్నాడు. ఏదో ప్లగిన్ క్రాక్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "యాంటీవైరస్ ఆపండి" అంటే ఆపేశారు. మళ్లీ ఆన్ చెయ్యలేదు. ఎన్నేళ్లయిందో తెలీదు.

కాస్త కటువుగా మాట్లాడతా, ఏమనుకోకండి. పైరసీ మీద మన ఇండస్ట్రీకి ఉన్న కోపం న్యాయమైనది. 2013లో ‘అత్తారింటికి దారేది’ సగం సినిమా ముందే బయటికొచ్చేస్తే హడావిడిగా సెప్టెంబరు 27న రిలీజ్ చెయ్యాల్సొచ్చింది. ఫిల్మ్ ఛాంబర్‌లో పైరసీ మీద ప్రత్యేకంగా సెల్ కూడా ఉంది. కానీ అదే ఛాంబర్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న గదుల్లో సినిమాలు ఎడిట్ అయ్యేది క్రాక్ సాఫ్ట్‌వేర్ మీద. నేనేం శుద్ధపూసని కాదు, హాస్టల్లో నా ల్యాప్‌టాప్ కూడా యాక్టివేటర్‌తోనే బతికింది. నీతి సంగతి పక్కన పెట్టండి. పని వరకే చూసినా, ఎవడో ముక్కూమొహం తెలియనివాడు ఇచ్చిన ప్రోగ్రామ్‌కి అడ్మిన్ పర్మిషన్ ఇచ్చి, వాచ్‌మన్‌ని ఇంటికి పంపించేశాక, విండోస్ 10 అయినా 11 అయినా ఒకటే. ఎడిటింగ్‌కి డావిన్చి రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ ఉంది, చిన్న సినిమాకి దర్జాగా సరిపోతుంది. అన్న ఈ సినిమా అయ్యాక మారతానన్నాడు. సినిమా మధ్యలో మార్చమని నేనూ అడగలేదు.

ఇప్పుడు డబ్బింగ్ రూమ్ విండోస్ 7. దీనికి ప్యాచ్‌లు లేవు, కాబట్టి దాన్ని ఒంటరి చెయ్యాలి. ల్యాన్ కేబుల్ పీకేశాం. వైఫై డాంగిల్ తీసి అన్న చేతిలో పెట్టాను. డబ్బింగ్ ఆర్టిస్టులు ఖాళీగా ఉన్నప్పుడు ఆ సిస్టమ్‌లోనే యూట్యూబ్, వాట్సాప్ వెబ్ చూస్తున్నారట. ఇక అది కుదరదు. ఆ కంప్యూటర్‌కి ఒకటే పని, వాయిస్ రికార్డ్ చెయ్యడం.

నెట్ పీకేస్తే అయిపోయిందా? కాలేదు. ఫైళ్లు ఎలా వెళ్తాయి, వస్తాయి? పెన్‌డ్రైవ్. కృష్ణానగర్‌లో, ఫిల్మ్ నగర్‌లో పెన్‌డ్రైవ్ చేతులు మారినంతగా విజిటింగ్ కార్డులు కూడా మారవు. జిరాక్స్ షాపులో పెట్టి, ఇంకో ఆఫీసులో పెట్టి, తెచ్చి ఇక్కడ పెడతారు. కాబట్టి ఆ గదికి ఒకే ఒక పెన్‌డ్రైవ్, మీద ఎర్ర టేపు. అది బయటికి వెళ్లదు. బయటి నుంచి ఏది వచ్చినా ముందు విండోస్ 10 సిస్టమ్‌లో పెట్టి స్కాన్ చేసి, కావాల్సిన వీడియో ఫైల్ మాత్రమే ఎర్ర టేపు దాంట్లోకి కాపీ చెయ్యాలి. విండోస్ 7లో ఆటోప్లే ఆఫ్ చేశాం, రోజూ వాడే అకౌంట్‌ని అడ్మిన్ కాకుండా మామూలు యూజర్‌గా మార్చాం. దీనికి ఖర్చు ఎంతయిందంటే, ఎర్ర టేపుకి పది రూపాయలు.

విండోస్ 10 వైపు ఆ ఎస్ఎంబీ 1 తీసేశాం. పాత స్టోరేజ్ బాక్స్ కనపడటం మానేసింది, అందులో ఉన్న డేటా ముందే కాపీ చేసుకున్నాం. రిమోట్ డెస్క్‌టాప్ ఆఫ్. డైరెక్టర్ ఇంటి నుంచి చూడాలంటే ఇక గదికి రావాల్సిందే, లేదా లింక్ పంపాల్సిందే.

బ్యాకప్ గురించి ఎక్కువ చెప్పను, అందరూ చెప్పేదే. కానీ ఒక పొరపాటు అందరూ చేస్తారు: బ్యాకప్ హార్డ్ డిస్క్‌ని ఎప్పుడూ సిస్టమ్‌కే గుచ్చి ఉంచుతారు. రాన్సమ్‌వేర్ వస్తే దానికీ తాళం వేసేస్తుంది. కాపీ అయ్యాక పీకి బీరువాలో పెట్టండి. బీరువా అన్నాను కదా, 2025 మే నెలలో ఇక్కడే ఫిల్మ్ నగర్ పోలీస్ స్టేషన్లో ‘కన్నప్ప’ సినిమా డేటా ఉన్న హార్డ్ డిస్క్ మాయమైందని కేసు నమోదైంది. ముంబై నుంచి కొరియర్‌లో వచ్చిన డిస్క్ అది. అక్కడ హ్యాకర్ లేడు, వైరస్ లేదు. కాబట్టి డిస్క్‌కి పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్షన్ పెట్టండి. విండోస్ ప్రోలో బిట్‌లాకర్ ఉంటుంది, హోమ్ ఎడిషన్ ఉన్నవాళ్లు ఫ్రీగా దొరికే వెరాక్రిప్ట్ వాడుకోవచ్చు. ఎవరైనా ఎత్తుకెళ్లినా ఇనపముక్కే మిగులుతుంది. పాస్‌వర్డ్ మర్చిపోతే మనకి కూడా ఇనపముక్కే, అది ఇంట్లో ఒక పుస్తకంలో రాసుకోండి.

కామెంట్లలో అడుగుతారని తెలుసు కాబట్టి ముందే చెప్తున్నా. విండోస్ 11ని బైపాస్ చేసి ఎక్కించొచ్చా? ఎక్కుతుంది. కానీ అలాంటి సిస్టమ్‌లకి అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. అప్‌డేట్ల కోసమే కదా మారుతున్నాం! లినక్స్? మీ నాన్నగారు బ్రౌజర్, యూట్యూబ్, ప్రింటవుట్ వరకే వాడితే లినక్స్ మింట్ బ్రహ్మాండంగా ఉంటుంది, నేను మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌కి అదే వేశాను. ఫొటోషాప్, ప్రీమియర్ కావాలంటే ఆ ఆశ వదులుకోండి. 0ప్యాచ్ అని స్లోవేనియా కంపెనీ ఒకటి ఉంది, పాత విండోస్‌కి బయటి నుంచి చిన్న చిన్న ప్యాచ్‌లు ఇస్తుంది, విండోస్ 10కి కనీసం 2030 అక్టోబరు దాకా ఇస్తామన్నారు. ఈఎస్‌యూ అయిపోయాక కూడా మారలేనివాళ్లు అది చూడొచ్చు.

మీ ఫోన్లో కూడా ఒకటి చూస్కోండి, ఇప్పుడే, ఈ వీడియో పాజ్ చేసి. సెట్టింగ్స్‌లో ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్ అని ఒక తేదీ ఉంటుంది. అది రెండేళ్ల కిందటిదైతే, కంప్యూటర్ గురించి నేను చెప్పిన కథంతా మీ జేబులోనే జరుగుతోంది. తేడా ఏంటంటే డబ్బింగ్ సిస్టమ్‌కి నెట్ పీకేశాం, ఫోన్‌కి పీకలేం. అందులో మీ యూపీఐ ఉంది. అలాంటి ఫోన్‌ని అలారానికో, పాటలకో వాడుకోండి, బ్యాంక్ యాప్ మాత్రం అప్‌డేట్లు వచ్చే ఫోన్లో పెట్టుకోండి. ఇంట్లో అమ్మ ఫోన్ కూడా చూడండి, మన పాత ఫోన్లన్నీ చేరేది అక్కడికే.

మొత్తం పనికి మాకు ఒక పూట పట్టింది, మధ్యలో రెండు ఇరానీ చాయ్‌లు. బయల్దేరేటప్పుడు అన్న గోడ మీద క్యాలెండర్ దగ్గరికి వెళ్లి 2026 అక్టోబరు 13 చుట్టూ ఎర్ర పెన్నుతో గీశాడు. ఆ తేదీకి ముందు విండోస్ 11 పట్టే సిస్టమ్ కొనాలని ప్లాన్, సెకండ్ హ్యాండ్ అయినా సరే. నెలకింత అని పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. ఫస్ట్ కాపీ మూడు వారాలకి కాదు గానీ నాలుగో వారంలో వెళ్లింది. ఆలస్యానికి కారణం కంప్యూటర్ కాదు, హీరోగారి డబ్బింగ్ డేట్లు.

మొన్న మళ్లీ వెళ్లాను. డబ్బింగ్ సిస్టమ్ వెనక చూస్తే వైఫై డాంగిల్ మళ్లీ గుచ్చి ఉంది. ఎవరన్నా అంటే, "క్రికెట్ మ్యాచ్ ఉందని పిల్లలు పెట్టారు తమ్ముడూ" అన్నాడు. ఈసారి ఆ డాంగిల్ నా బ్యాగులో వేసుకుని వచ్చేశాను. ఇదిగో, ఈ టేబుల్ మీద ఉన్నది అదే. బై, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.